నోటి క్యాన్సర్‌లో వైరస్ ఉంటే మంచిదా? వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

నోటి క్యాన్సర్ గురించి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఇది: నోటి క్యాన్సర్లు ఇప్పుడు ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తున్నాయి, గుట్కా, పొగాకు అనేది పాత కథ. వైరస్ వల్ల వచ్చింది మంచి రకం క్యాన్సర్, నూటికి ఎనభై మందికి పైగా బతుకుతారని అమెరికాలో తేల్చారు. అందుకని ముక్క పరీక్షలో పీ16 టెస్ట్ చేయించమని పట్టుబట్టండి. అది పాజిటివ్ వస్తే దవడ కోయించుకోవద్దు, కొద్దిగా మందు (కీమో), కొద్దిగా కరెంటు (రేడియేషన్) చాలు. హెచ్‌పీవీ టీకా వేయించుకుంటే ఉన్న గడ్డ కూడా కరుగుతుంది. ఇది ఎంగిలితో అంటుకుంటుంది కాబట్టి రోగి కంచం, గ్లాసు వేరుగా పెట్టండి.

ఇందులో ఒక నిజం ఉంది. అందుకే ఇది మామూలు పుకార్ల కంటే ఎక్కువ నష్టం చేస్తోంది. పూర్తిగా కట్టుకథ అయితే డాక్టరు ఒక్క మాటతో తీసిపారేస్తారు, ఇంట్లోవాళ్ళూ నమ్ముతారు. ఇక్కడ మాత్రం పేరున్న పరిశోధన ఒకటి ఉంది, అంకెలు ఉన్నాయి, అవి నిజమైన అంకెలే. వాటిని తీసుకొచ్చి వేరే రోగులకు అంటించారు. ఈ మెసేజ్ చదివి ఆపరేషన్ తేదీ వాయిదా వేసుకుందామా అని ఆలోచనలో పడ్డవాళ్ళు ఉన్నారు. బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకుని, భయంతో, నాలుగు రోజుల్లో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి ఇలాంటి మాట ఎంత తీపిగా వినిపిస్తుందో ఊహించగలను. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

దానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మిగతా జవాబులన్నీ దీని మీదే నిలబడతాయి. అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటే కనబడేవి, వేలితో తడిమితే అందేవి: పెదవులు, బుగ్గల లోపలి వైపు, చిగుళ్ళు, నాలుక ముందు భాగం, నాలుక కింద భాగం, గట్టి అంగిలి. ఇదంతా నోరు. దాని వెనక, మింగేటప్పుడు ముద్ద జారే చోట టాన్సిల్స్, నాలుక మొదలు, మెత్తని అంగిలి, వెనక గోడ ఉంటాయి. ఇది గొంతు. మధ్యలో దూరం కొన్ని సెంటీమీటర్లే. కానీ క్యాన్సర్ విషయంలో ఈ రెండూ వేర్వేరు జబ్బుల్లా నడుస్తాయి. కారణాలు వేరు, వైద్యం వేరు, ఫలితం వేరు.

“నోటి క్యాన్సర్లు ఎక్కువగా వైరస్ వల్లే, గుట్కా పాత కథ”

అమెరికాలో గొంతు క్యాన్సర్లలో, అంటే టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర వచ్చేవాటిలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీ కారణమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అక్కడ సిగరెట్లు తాగేవాళ్ళు తగ్గుతూ వచ్చారు, వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లు పెరుగుతూ వచ్చాయి. మెసేజ్‌లోని మొదటి మాటకు మూలం ఇదే.

నోటి సంగతి వేరు. 29 దేశాల నుంచి మూడున్నర వేలకు పైగా గడ్డల ముక్కలు సేకరించి, ఒకే పద్ధతిలో పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వైరస్ డీఎన్ఏ కనబడినంత మాత్రాన సరిపెట్టుకోకుండా, ఆ వైరస్ నిజంగా గడ్డలో పనిచేస్తోందా అన్న గుర్తులు కూడా చూశారు. అలా చూస్తే గొంతు క్యాన్సర్లలో సుమారు 22 శాతానికి హెచ్‌పీవీ కారణమని తేలింది. నోటి క్యాన్సర్లలో 4.4 శాతానికే. అంటే నోటి క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో 95 మందికి పైగా ఈ వైరస్‌తో సంబంధం లేదు.

మరి మన దేశంలో కారణం ఏమిటి? 2022లో భారతదేశంలో కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ళు 1.43 లక్షలకు పైగా. దాదాపు 80 వేల మంది ఆ ఏడాది దీనితో చనిపోయారు. మన మగవాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2024లో వేసిన లెక్క ప్రకారం, ఆ ఒక్క ఏడాదిలో మన దేశపు కేసుల్లో సుమారు 83,400 నమిలే పొగాకు, వక్కల వల్ల వచ్చినవే. సిగరెట్, బీడీ, మద్యం వీటికి అదనం.

వక్క గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. పొగాకు కలపని వక్కపొడి ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు, పెళ్ళిళ్ళలో పిల్లల చేతిలో కూడా పెడతారు. పొగాకు లేకుండా వక్క నమిలినా క్యాన్సర్ వస్తుందని ఐఏఆర్‌సీ 2004లోనే తేల్చి, పొగాకుతో పాటు మొదటి వర్గంలో పెట్టింది. నోరు క్రమంగా తెరుచుకోకుండా బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకి ప్రధాన కారణం వక్కే. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి తర్వాత క్యాన్సర్ వస్తుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టడం లేదంటే అది దంత వైద్యుడికి చూపించుకోవాల్సిన సంగతి.

మన దగ్గర ఉత్తరాంధ్రలో ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు, అడ్డపొగ అంటారు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. 1960ల నుంచి అక్కడ జరిగిన పరిశోధనల్లో, మిగతా చోట్ల అరుదుగా కనబడే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. నిప్పు ఎక్కడ తగిలిందో గడ్డ అక్కడే లేచింది. గుట్కా, ఖైనీ కూడా ఏ వైపు దవడలో దాచుకుంటారో చాలామందిలో ఆ వైపే పుండు పుడుతుంది. పాత కథ అంటున్నది దీన్నే.

“వైరస్ వల్ల వచ్చింది మంచి రకం, 80 శాతం మందికి పైగా బతుకుతారు”

ఈ అంకె ఎక్కడిదో చూద్దాం. ఆర్‌టీఓజీ 0129 అనే అమెరికా ట్రయల్‌లోని రోగుల సమాచారాన్ని విశ్లేషించి 2010లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ముదిరిన దశలో ఉన్న గొంతు క్యాన్సర్ రోగులు 323 మంది గడ్డల్లో హెచ్‌పీవీ ఉందో లేదో చూశారు. అందరికీ రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు హెచ్‌పీవీ ఉన్న గుంపులో 82.4 శాతం, లేని గుంపులో 57.1 శాతం. తేడా చాలా పెద్దది, అది నిజం. తర్వాత వచ్చిన అధ్యయనాలు కూడా దాన్నే బలపరిచాయి.

కానీ ఆ 323 మందీ గొంతు రోగులు. బుగ్గ, చిగురు, నాలుక ముందు భాగం క్యాన్సర్ ఉన్న మనిషి ఒక్కరు కూడా ఆ లెక్కలో లేరు.

గొంతులో ఎందుకు అంత తేడా వచ్చిందో అర్థమైతే, నోటికి అది ఎందుకు వర్తించదో కూడా అర్థమవుతుంది. టాన్సిల్స్ మీద పొర లోతైన గుంటలతో, సందులతో ఉంటుంది. వైరస్ అక్కడ సులువుగా కుదురుకుంటుంది. హెచ్‌పీవీ, ముఖ్యంగా 16వ రకం, కణంలోకి చేరి ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లు తయారుచేస్తుంది. ఈ6 మన కణాలను కాపాడే పీ53 అనే ప్రొటీన్‌ను నాశనం చేస్తుంది, ఈ7 ఇంకో కాపలా ప్రొటీన్ అయిన ఆర్‌బీని పట్టేస్తుంది. కణం అదుపు తప్పుతుంది. అయితే కణంలోని అసలు పీ53 జన్యువు చాలావరకు చెక్కుచెదరకుండానే ఉంటుంది. పొగాకు క్యాన్సర్లలో అలా కాదు. ఏళ్ళ తరబడి పొగాకు రసం, పొగ తగిలి ఆ జన్యువే దెబ్బతిని ఉంటుంది, దానితో పాటు ఇంకెన్నో. వైరస్ క్యాన్సర్ రేడియేషన్‌కు ఎక్కువగా లొంగడానికి, మన రోగనిరోధక కణాలు దాన్ని కొంత గుర్తుపట్టడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

నోటి క్యాన్సర్లో హెచ్‌పీవీ దొరికితే ఫలితం మెరుగవుతుందా అన్నదాని మీద అధ్యయనాలు చాలానే జరిగాయి, అవి ఒకే మాట చెప్పడం లేదు. కొన్నిటిలో కాస్త మేలు కనిపించింది, కొన్నిటిలో తేడా లేదు. వక్క నమిలే అలవాటు ఎక్కువగా ఉన్న తైవాన్‌లో జరిగిన కొన్నిటిలో హెచ్‌పీవీ ఉన్నవాళ్ళకి ఇంకా చెడ్డగా ఉంది. ఇంత అనిశ్చితంగా ఉన్న విషయం మీద ఆపరేషన్ మానుకోవడమా?

వైద్యులు క్యాన్సర్ దశను నిర్ణయించే అంతర్జాతీయ పద్ధతి ఎనిమిదో కూర్పు 2018 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పీ16 పాజిటివ్ గొంతు క్యాన్సర్‌కి విడిగా దశల పట్టిక ఇచ్చారు. నోటి క్యాన్సర్‌కి అలాంటి పట్టిక ఇవ్వలేదు. తేడా ఎంతో ఒక ఉదాహరణతో చెబుతాను. మూడు సెంటీమీటర్ల గడ్డ, మెడలో అదే వైపు రెండు మూడు చిన్న గ్రంథులకు పాకింది అనుకుందాం. అది పీ16 పాజిటివ్ గొంతు క్యాన్సర్ అయితే మొదటి దశ. అదే బుగ్గలో అయితే నాలుగో దశ. పట్టిక మారితే మనిషి బతుకు అంచనా అంతగా మారిపోతుంది. మెసేజ్ రాసినవాళ్ళు గొంతు పట్టిక తీసి నోటి రోగి చేతిలో పెట్టారు.

ఆ 2010 పరిశోధనలోనే ఇంకో అంకె ఉంది, మెసేజ్‌లో దాన్ని వదిలేశారు. హెచ్‌పీవీ ఉన్నా, రోజుకో ప్యాకెట్ చొప్పున పదేళ్ళకు మించి సిగరెట్లు తాగి, మెడ గ్రంథులకు ఎక్కువగా పాకినవాళ్ళని మధ్యస్థ ప్రమాదం గుంపులో చేర్చాల్సి వచ్చింది. ఆ గుంపులో మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు 70.8 శాతం. తక్కువ ప్రమాదం గుంపులో అది 93 శాతం. గొంతులో వైరస్ వల్ల దొరికే మేలును కూడా పొగాకు కొంత లాగేసుకుంటుంది. పొగ తాగే అలవాటు ఉండి “నాది వైరస్ రకం” అని ధైర్యం తెచ్చుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

“పీ16 టెస్ట్ పాజిటివ్ అయితే వైరస్ ఉన్నట్టే”

పీ16 అనేది వైరస్ కాదు, మన కణంలోనే ఉండే ఒక ప్రొటీన్. ఈ7 వల్ల ఆర్‌బీ పనిచేయకపోతే పీ16 పెరుగుతుంది. అందువల్ల గొంతు గడ్డలో పీ16 బాగా పెరిగి ఉంటే వెనక హెచ్‌పీవీ ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ, కాబట్టి అక్కడ వాడతారు. కనీసం 70 శాతం కణాల్లో గట్టిగా రంగు పట్టాలన్నది ప్రమాణం.

గొంతులో కూడా ఇది నూటికి నూరు పాళ్ళు నమ్మదగ్గది కాదు. ఏడున్నర వేల మందికి పైగా గొంతు క్యాన్సర్ రోగుల సమాచారం కలిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పీ16 పాజిటివ్ వచ్చినవాళ్ళలో దాదాపు 11 శాతం మందిలో అసలు వైరసే లేదు. వాళ్ళ ఐదేళ్ళ బతుకు అంచనా 54.7 శాతం. రెండూ పాజిటివ్ అయినవాళ్ళకి 81.1 శాతం.

నోటి దగ్గరికి వస్తే ఈ పరీక్ష ఇంకా బలహీనం. వైరస్‌తో పని లేకుండానే ఆర్‌బీ దెబ్బతిని పీ16 పెరగొచ్చు. 2014లో అమెరికా ట్రయల్స్ నుంచి తీసిన సమాచారంలో నోటి గడ్డల్లో 14 శాతం పీ16 పాజిటివ్ అయితే, హెచ్‌పీవీ నేరుగా కనబడినవి 6.5 శాతమే. ఆ కారణం వల్లే అమెరికన్ పాథాలజిస్టుల సంఘం 2018 మార్గదర్శకాల్లో గొంతు బయట పుట్టిన తల, మెడ క్యాన్సర్లకు ఈ పరీక్ష మామూలుగా చేయవద్దని రాసింది. మీ డాక్టరు చిగురు క్యాన్సర్‌కి పీ16 రాయకపోతే అది నిర్లక్ష్యం కాదు. అనవసరమైన ఖర్చు, అంతకన్నా ముఖ్యంగా అనవసరమైన ఎదురుచూపు తప్పించారని అర్థం.

మెడలో గడ్డ ఉండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పరిస్థితి ఒకటి ఉంటుంది. అక్కడ మాత్రం పీ16, హెచ్‌పీవీ పరీక్షలు మూలం గొంతులో ఉందేమో వెతకడానికి పనికొస్తాయి. ఆ పరీక్ష అవసరమని డాక్టరే చెబుతారు.

“పాజిటివ్ అయితే దవడ కోయించుకోవద్దు, కొద్దిగా మందు, కరెంటు చాలు”

మెసేజ్ మొత్తంలో ప్రాణం తీసే మాట ఇదే.

మొదట గొంతు సంగతి. వైరస్ ఉన్న గొంతు రోగులు బాగా కోలుకుంటున్నారు, చాలామంది చిన్న వయసువాళ్ళు, రేడియేషన్ వల్ల నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం జీవితాంతం మిగులుతోంది, కాబట్టి వైద్యం తగ్గించి చూద్దామని వైద్యులు నిజంగానే ప్రయత్నించారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు బదులు తేలికని అనుకున్న సెటుక్సిమాబ్ ఇచ్చి రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. అమెరికాలో జరిగిన ఆర్‌టీఓజీ 1016లో ఐదేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు పాత మందుతో 84.6 శాతం, కొత్తదానితో 77.9 శాతం. యూరప్‌లో జరిగిన రెండోదానిలో రెండేళ్ళకు 97.5 శాతం, 89.4 శాతం. రెండు చోట్లా తేలిక మందు ఓడిపోయింది. తర్వాత రేడియేషన్‌ను 70 గ్రేల నుంచి 60 గ్రేలకు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) తగ్గించి చూసిన ఎన్ఆర్‌జీ హెచ్ఎన్005 ట్రయల్ రెండో దశ దాటి ముందుకు వెళ్ళలేకపోయింది. రోగులను జాగ్రత్తగా ఎంచుకుని, అనుభవమున్న నిపుణులు దగ్గరుండి చేస్తేనే ఇలా అయింది. ఇంట్లో కూర్చుని మనంతట మనం వైద్యం తగ్గించుకుంటే ఏమవుతుంది?

తగ్గించి కూడా మంచి ఫలితం వచ్చిన ట్రయల్ లేకపోలేదు. ఈసీఓజీ 3311లో రేడియేషన్‌ను 50 గ్రేలకు తగ్గించినా రెండేళ్ళ ఫలితం దాదాపు అంతే ఉంది. అయితే వాళ్ళందరికీ ముందు ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. ఈ విషయం మెసేజ్‌లో ఎందుకు ఉంటుంది!

ఇక నోరు. బుగ్గ, చిగురు, నాలుక క్యాన్సర్లకు మొదటి వైద్యం ఆపరేషనే. నోటి గడ్డలు రేడియేషన్‌కు గొంతు గడ్డల్లా లొంగవు. దవడ ఎముక పక్కనే ఉంటుంది, ఎక్కువ రేడియేషన్ ఇస్తే ఎముక చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు కోసి తీసి, ఆ ముక్క చూసి, అవసరమైతేనే తర్వాత రేడియేషన్, కీమో ఇస్తారు. గడ్డ ఎంత లోతుకు దిగింది, అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, మెడ గ్రంథులకు పాకిందా, గ్రంథి పొర చీల్చుకుని బయటికి వచ్చిందా అన్న నాలుగు సంగతులే నోటి రోగి భవిష్యత్తును చెబుతాయి. వీటిలో వైరస్ లేదు.

ఆపరేషన్ సరిగ్గా చేస్తే ఎంత తేడా వస్తుందో ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి మన దేశపు రోగుల మీదే నిరూపించింది. తొలి దశ నోటి క్యాన్సర్లో మెడ గ్రంథులు పైకి మామూలుగా ఉన్నా, గడ్డతో పాటే వాటినీ తీసేయాలా, లేక తర్వాత పాకితే అప్పుడు తీయవచ్చా అన్నది ప్రపంచమంతా ఏళ్ళ తరబడి వాదించుకున్న ప్రశ్న. 500 మంది ఫలితాలతో 2015లో జవాబు వచ్చింది. ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికి ఉన్నారు, ఆగినవాళ్ళలో 67.5 శాతం. అంటే ప్రతి 100 మందిలో పన్నెండు, పదమూడు మంది అదనంగా బతికారు. ప్రపంచంలో చాలాచోట్ల వైద్యుల పద్ధతిని మార్చిన ఫలితం ఇది. నోటి క్యాన్సర్లో బతికే అవకాశం పెరగాలంటే దారి ఎటు ఉందో మన రోగులే చూపించారు.

దవడ పోతుందన్న భయం చిన్నది కాదు. ముఖం మారుతుంది, మాట తడబడుతుంది, నలుగురిలోకి వెళ్ళాలంటే సిగ్గుగా ఉంటుంది. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ తొలి దశలో వస్తే చాలామందికి దవడ తీయాల్సిన అవసరమే రాదు. తీయాల్సి వచ్చినా కాలి ఎముక, చర్మం తెచ్చి దవడ మళ్ళీ కట్టే ఆపరేషన్లు హైదరాబాద్, విశాఖల్లో జరుగుతున్నాయి. ఆలస్యం చేసినకొద్దీ కోయాల్సింది పెరుగుతుంది. ఏడు రకాల క్యాన్సర్ల అధ్యయనాలను కలిపి చూసిన 2020 విశ్లేషణలో, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణ ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని తేలింది. తల, మెడ క్యాన్సర్లు అందులో ఉన్నాయి. పీ16 కోసం, రెండో మెసేజ్ కోసం, నాటు మందు కోసం ఎదురుచూసే కాలం ఈ లెక్కలోకే వస్తుంది.

రెండో అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే తప్పకుండా తీసుకోండి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. వారంలో పూర్తయ్యే పని అది.

“టీకా వేయించుకుంటే ఉన్న గడ్డ కరుగుతుంది”

కరగదు. టీకా వైరస్ పైతొడుగులోని ఎల్1 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు తయారుచేయిస్తుంది. వైరస్ కణంలోకి దూరకముందే అవి దాన్ని పట్టుకుంటాయి. గడ్డగా మారిన కణంలో ఆ తొడుగు ఉండదు, లోపల ఈ6, ఈ7 మాత్రమే పనిచేస్తుంటాయి. యాంటీబాడీలకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పొగాకు వల్ల వచ్చిన గడ్డలో అయితే వైరసే లేదు.

దీన్ని చదివి టీకా మీద నమ్మకం పోగొట్టుకోకండి. ముందుగా వేయిస్తే అది చాలా మంచి టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపడంలో దాని శక్తి రుజువైంది. కోస్టారికాలో జరిగిన ట్రయల్‌లో టీకా వేయించుకున్న యువతుల నోట్లో 16, 18 రకాల వైరస్ నాలుగేళ్ళ తర్వాత 93 శాతం తక్కువగా కనిపించింది. అమెరికాలో మందులను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గొంతు క్యాన్సర్ నివారణకు కూడా హెచ్‌పీవీ టీకాల్లో ఒకదాన్ని ఆమోదించింది. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్ల ఉంటే డాక్టర్‌ని అడిగి వేయించండి. తాతగారి బుగ్గ గడ్డకి మాత్రం అది మందు కాదు.

“ఎంగిలితో అంటుకుంటుంది, కంచం వేరు పెట్టండి”

క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. హెచ్‌పీవీ నోటికి చేరేది ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారా. కంచం, గ్లాసు, ఒకే గదిలో పడుకోవడం వల్ల కాదు. చేరినా ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వైరస్ ఉన్న గొంతు క్యాన్సర్ రోగుల భార్యలను, భర్తలను అమెరికాలో పరీక్షిస్తే, వాళ్ళ నోట్లో ఈ వైరస్ మామూలు జనంలో కన్నా ఎక్కువగా ఏమీ కనబడలేదు.

ఆపరేషన్ అయ్యి, రేడియేషన్ నడుస్తూ, గంజి కూడా మింగలేకపోతున్న మనిషి ముందు వేరే కంచం పెడితే ఆయన తినే ఆ రెండు ముద్దలూ తినడు. ఈ రోగుల్లో బరువు తగ్గిపోవడం చిన్న సమస్య కాదు. చిక్కిపోయినవాళ్ళు రేడియేషన్ మధ్యలో ఆపేస్తారు, మధ్యలో ఆపితే ఫలితం పడిపోతుంది. పక్కన కూర్చుని, అదే కంచంలో తినిపించండి. గుడ్డు, పప్పు, పెరుగు, రాగిజావ, ఏది దిగితే అది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి.

మెసేజ్‌లో లేని వైరస్

నోటి క్యాన్సర్ రోగి ఫలితాన్ని నిజంగా మార్చగల వైరస్ పరీక్ష ఒకటి ఉంది. అది హెపటైటిస్ బి. లివర్‌లో ఎన్నో ఏళ్ళుగా నిద్రపోతున్న ఈ వైరస్ కీమో మొదలయ్యాక ఒక్కసారిగా లేవచ్చు. లివర్ దెబ్బతింటే కీమో ఆగిపోతుంది, కొందరిలో ప్రాణానికే ముప్పు. అందుకే కీమో మొదలుపెట్టేముందు అందరికీ హెపటైటిస్ బి పరీక్ష చేయాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020 నుంచి చెబుతోంది. పాజిటివ్ అయినా భయం లేదు. రోజుకో మాత్ర చొప్పున యాంటీవైరల్ మందు ముందు నుంచే వాడుతూ కీమో కొనసాగించవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు కూడా తమ మందులు మానకుండా, క్యాన్సర్ డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి. దాచిపెడితే మందులు ఒకదానితో ఒకటి తగువు పడొచ్చు.

కీమో తేదీ ఇచ్చిన రోజున ఫైలు తెరిచి, హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ అన్న హెపటైటిస్ బి రిపోర్టులు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అక్కడే, ఆ రోజే అడగండి.